ముట్టని బొమ్మలకు ఫుల్ మార్కులు

అంగన్‌వాడీల్లో పిల్లల చదువు పుస్తకంలో రాసినట్టే నడుస్తోందా లేదా అని కొలిచే ఉద్యోగం కొన్నాళ్లు చేశాను. గుమ్మడికాయ తీపిని టేపుతో కొలిచే తెలివి మా పెద్దలది.

ఒకరోజు సుల్తానాబాద్ అవతల ఒక కేంద్రానికి వెళ్లాను. అది పిల్లలు స్వేచ్ఛగా ఆడుకోవాల్సిన సమయం. నన్ను చూడగానే టీచర్ బీరువా తాళం తీసి, తలా ఒక బొమ్మ ఒళ్లో పెట్టింది. పిల్లలు చేతులు కట్టుకుని కూర్చున్నారు. ఒకడి ముక్కు మీద వాలిన ఈగ, వాడెంతకీ కదలకపోయేసరికి, మనిషి కాదనుకుని కాపురం పెట్టే ఆలోచనలో పడింది.

ముందు వరుసలో ఎర్ర గౌను పిల్ల ఒళ్లో చెక్క రైలు ఉంది. దాని వేలు చక్రం దాకా పోయి, మళ్లీ చంకలోకి వస్తోంది. నేను చూడటం చూసి, "నేను ముట్టలే సార్," అంది.

"ఆడుకోనియ్యరా టీచర్?"

"పలగ్గొడితే నా మీదికొస్తది సార్. సర్కారు సామాను. మీరు పోంగనే లోపల వెడ్త, ఫికర్ చెయ్యకున్రి."

బయటికొచ్చి హైదరాబాద్‌లో ఉండే మా టీమ్ లీడర్‌కు ఫోన్ చేశాను. అతను అంగన్‌వాడీని ఫొటోల్లోనే చూశాడు. అందుకే అందరికీ శిక్షణ ఇస్తాడు.

"బొమ్మలు బయటున్నయా అన్నా?" అని అడిగాడు.

"ఉన్నయి."

"పిల్లలు కొట్టుకున్రా, ఏడ్సిన్రా?"

"లే. ఊపిరి గూడ అడిగి తీస్కుంటున్రు."

"ఇంకేంది మరి, ఫుల్ మార్కులెయ్యి."

వేశాను. అంత తెలివికి అడ్డుపడే చదువు నాకు లేదు.

లోపలికి వచ్చేసరికి టీచర్ రైలు కోసం చెయ్యి చాపి ఉంది. ఎర్ర గౌను పిల్ల దాన్ని ఇవ్వడం లేదు, అలాగని చేత్తో ముట్టడమూ లేదు. రెండు మోకాళ్ల మధ్య బిగించి పట్టుకుంది.

అబద్ధం నాకు తుమ్మినంత తేలిక. "టీచర్, ఢిల్లీ నుంచి పెద్ద సార్ బయల్దేరిండట. చెప్పకుండనే వస్తడు. బొమ్మలు కొత్తగ కనవడ్డయంటే వాడుతలేరని రాస్తడు. బెల్లంపల్లి దిక్కు ఒకామెకు ఏనుగుబొమ్మ మెరుస్తుందని మెమో ఇచ్చిండు."

టీచర్ మొహం పాలిపోయింది. "ఎప్పుడొస్తడు సార్?"

"గదే తెల్వదు. రేపు రావచ్చు, ఏడాదికి రావచ్చు."

ఆమె పిల్లల వైపు తిరిగింది. "ఏందట్ల సూస్తున్రు? ఆడున్రి. జర గట్టిగ ఆడున్రి, గీతలు వడాలె."

ఎర్ర గౌను పిల్ల మా ఇద్దరినీ అనుమానంగా చూసి, రైలును నేల మీద పెట్టి ఒక్క తోపు తోసింది. అది గోడకు కొట్టుకుని రంగు పెచ్చు ఊడింది.

టీచర్ వంగి ఆ పెచ్చు ఊడిన చోటు చూసింది. "మంచిగైంది బిడ్డా," అంది. "ఇంకోపారి తొయ్యి."