బోధన్ నుంచి వచ్చిన పెండబండి

మొన్న మా డాబా మీద సోలార్ పలకలు బిగించడానికి మనుషులు వచ్చారు. వాళ్లతో వచ్చిన కుర్ర ఇంజనీరు మెట్లెక్కుతూ, "సర్కారు సబ్సిడీ ఇస్తున్నదమ్మా, మీరేం ఫికర్ చేయకండ్రి," అన్నాడు. నాకు నవ్వొచ్చింది. సబ్సిడీ అనే మాట మొదటిసారి విన్నప్పుడు నేను బోధన్ దగ్గర ఒక పల్లెలో కొత్త కోడల్ని. అరచేతుల గోరింటాకు ఇంకా పోలేదు. బ్లాకాఫీసు సారు మా వాకిట్లో మంచం మీద కూర్చుని పశువుల పెండ గురించి అంత మర్యాదగా మాట్లాడుతుంటే, నిజామాబాద్ బస్తీలో పుట్టి పెరిగిన నేను తలుపు వెనక కొంగు నోట్లో కుక్కుకున్నాను.

మా అత్తమ్మకు అంతకు కొన్నాళ్ల ముందే కంటి ఆపరేషన్ అయింది. ఇక పొగ దగ్గరికి పోవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. చెరకు ఆకు, కందికట్టె, పిడకలు, ఏది దొరికితే అది ఎగదోసే పొయ్యి మాది. వంటింట్లో ఎదుటి మనిషిని గొంతును బట్టి గుర్తుపట్టాల్సిందే. కోడలు వండి పెడుతుంటే ఏ అత్తయినా సంతోషించాలి కదా, మా అత్తమ్మ సంతోషించలేదు. గడప బయట పీట వేసుకుని కూర్చుని, "పిల్లా, పప్పు పొంగుతుంది సూడు," "పిల్లా, పోపు మాడింది," అంటూ వాసనతోనే నన్ను నడిపించేది. నా వంకాయ కూర అందరూ బాగానే తిన్న రోజున మాత్రం, "ఇంత బువ్వ వండే గతి లేకుంటే నాకు సూపెందుకు వచ్చినట్టు," అంది. ఆ ఇంట్లో ఆమెకంటూ ఉన్నది ఆ పొయ్యి ఒక్కటేనని నాకు అప్పుడు అర్థమైంది. దాన్ని నేను లాక్కున్నట్టయింది.

మా మామ మాటల్లో పరమ పిసినారి. పెండతో వంటగ్యాసు పెట్టించుకుంటే సగం ఖర్చు సర్కారుది అని సారు చెప్పగానే, "ఊకెనే ఎందుకిస్తది?" అని అడిగాడు. సారు అడవుల గురించి, దేశం గురించి, పంటకు ఎరువు గురించి చాలా చెప్పాడు. మామ ఆవులించాడు. చివరికి అలసిపోయి, "పొగ రాదు, పటేలా," అన్నాడు సారు. మామ గడప బయటి పీట వైపు ఒకసారి చూసి, "అయితే పెట్టియ్యి సారూ," అన్నాడు.

అలా మా కొట్టం పక్కన ఒక గుంత తయారైంది. అందులో బోర్లించిన ఇనుప డ్రమ్ము, అక్కడి నుంచి వంటింటికి పైపు. పెండలో నీళ్లు కలిపి పోస్తే గ్యాసు పుట్టి డ్రమ్ము పైకి లేస్తుంది. మొదటిసారి నీలం మంట వెలిగినప్పుడు అత్తమ్మ చేతులు జోడించింది, ఆ వెంటనే అనుమానంగా వంగి వాసన కూడా చూసింది. పెండ గ్యాసు మీద కాచిన చాయ్ తాగబోమని వాడకట్టు ఆడవాళ్లు ముక్కులకు కొంగులు అడ్డం పెట్టుకుంటే, "ఇన్నొద్దులు పిడకల మీద కాగింది తాగలేదా? గది పెండ కాదా?" అని నిలదీసింది. తాగారు, చక్కెర తక్కువైందన్నారు. పొద్దున లేస్తూనే డ్రమ్ము ఎంత లేచిందో చూసుకుని ఆమె ఆ రోజు వంట తేల్చేది. డ్రమ్ము ఎత్తుగా ఉంటే మక్కగారెలు, లేకుంటే పచ్చిపులుసు. నేను మళ్లీ ఉల్లిగడ్డలు కోసే కోడలినయ్యాను, హాయిగా ఉండేది.

అయితే ఒక సంగతి మాలో ఎవరికీ తట్టలేదు, అంత చదువుకున్న సారుకూ తట్టలేదు. చెరకు నరకడం మొదలైతే ఎడ్లు ఇంట్లో ఉండవు. మామ ఒక బండి, మా ఆయన ఒక బండి కట్టుకుని బోధన్ చక్కెర ఫ్యాక్టరీకి పోతే, చెరకు తూచే కాంటా దాకా సాగిన వరుసలో రోజుల తరబడి ఉండేవారు. బండి కిందే తిండి, బండి కిందే నిద్ర. ఎడ్లు అక్కడే మేసి అక్కడే పెండ వేసేవి. ఇంటి దగ్గర మిగిలింది ఒక్క బర్రె. డ్రమ్ము కుంగుతూ వచ్చింది. ఒక పొద్దున చాయ్ పొంగకముందే మంట ఆరిపోయింది. అత్తమ్మ తానే పీట తీసుకుపోయి గడప బయట వేసుకుంది. నేను పాత పొయ్యి రాజేశాను. ఆ రోజు పప్పు మాడినా ఆమె అరవలేదు. నాకు భయమేసింది.

మళ్లీ చెరకు నింపుకోవడానికి వచ్చిన మామ ఆ పీటను చూశాడు. కాళ్లు కడుక్కుని, తిని, చెరకు నింపుకుని వెళ్లిపోయాడు. ఖాళీ బండ్లు బోధన్ నుంచి ఎగిరెగిరి వచ్చేవి. ఆ తడవ మాత్రం మామ బండి బరువుగా, మెల్లగా వచ్చింది, పైన చెరకు ఆకు కప్పి ఉంది. అత్తమ్మ గుండె మీద చెయ్యి వేసుకుని, "చెరుకు తీస్కోలేదా ఏంది?" అంది. మామ ఆకు లాగాడు. బండి నిండా పెండ. మా ఎడ్లది సరే, ముందూ వెనకా నిలబడ్డ బండ్ల ఎడ్లది కూడా గంపకెత్తాడట. "కాయ్ మామా, శేణ్ కశాలా?" అని మహారాష్ట్ర బండ్లవాళ్లు నవ్వుతూ, ఈ పెండ ఎందుకని అడిగారట. మామ నడుము ఎత్తి, "మా ఇంటామెకు," అన్నాడట. వరుసంతా నవ్విందని మా ఆయన తల వంచుకునే చెప్పాడు.

అత్తమ్మ బండి చుట్టూ ఒకసారి తిరిగింది. "బోధన్ పోయినోళ్లు పెండ్లాలకు చీరెలు తెస్తరు," అంది.

"చీరె తోని చాయ్ కాగుతదా?" అన్నాడు మామ.

ఆమె నవ్వింది. నన్ను ముట్టనివ్వకుండా మోచేతుల దాకా ముంచి తానే కలిపి పోసింది. డ్రమ్ము లేచిన పొద్దున మొదటి చాయ్ మామకు ఇచ్చింది, ఆ పీట మీద కూర్చోబెట్టి. వాళ్లిద్దరి మీద నాకు ఎంత ప్రేమ పుట్టిందో ఆ రోజు చెప్పలేకపోయాను. మరుసటి ఏడు మా ఊళ్లో ఇంకొన్ని ఇళ్లకు గ్యాసు వచ్చింది, బోధన్ వరుసలో పెండ కోసం మావాళ్ల మధ్య పంచాయితీలు కూడా మొదలయ్యాయి.

తర్వాత సిలిండరు వచ్చింది, డ్రమ్ము తుప్పు పట్టింది, ముందు మామ, వెనక అత్తమ్మ పోయారు. పలకలు బిగించి దిగుతున్న కుర్రాణ్ణి, "మరి మబ్బు పడితే?" అని అడిగాను. "ఆ రోజు తక్కువొస్తదమ్మా, మనమేం చెయ్యలేం," అన్నాడు. పాపం, ఆ పిల్లవాడు చెప్పింది నిజమే. కాలం మా ఇంటికి పొగలేని పొయ్యి తెచ్చింది, ఎండతో వెలిగే దీపం తెచ్చింది. మబ్బు పట్టిన రోజున ఎక్కడెక్కడి ఎండనో గంపకెత్తి బండి నిండా వేసుకొచ్చే మనిషిని మాత్రం తీసుకుపోయింది.