ఉసురు అన్న మాట

మంగంపేట ముగ్గురాయి గనుల్లో దుమ్ము పీల్చి మా అన్న ఊపిరితిత్తులు పాడయ్యాయి. ఇప్పుడు కడపలో ఇంటిపట్టునే ఉంటాడు. ముక్కుకు గొట్టం, మంచం పక్కన ఆక్సిజన్ మిషను. నేను కర్నూలులో సైన్సు పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. ఈ వేసవిలో అన్నను చూడ్డానికి పోతే, మిషను ఇంకాస్త పెంచమన్నాడు. డాక్టరు చెప్పిన గీత దాటకూడదన్నాను. ఎందుకని అడిగాడు. అడిగినవాడికి చెప్పకుండా ఉండలేను.

మన ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ సన్నని పొయ్యిలు ఉంటాయి. తిన్న అన్నాన్ని ఆక్సిజన్‌తో మండించి అవి కణానికి సత్తువ ఇస్తాయి. మంట కనిపించదు, ఒంటి వెచ్చదనమే దాని గుర్తు. ఆ మండటంలో నిప్పురవ్వల్లాంటివి ఎగిరి కణం పొరలనూ లోపలి జన్యువులనూ కాలుస్తాయి. కణం వాటిని ఆర్పుకుంటూ, అతుకులు వేసుకుంటూ బతుకుతుంది. వయసు పైబడేకొద్దీ ఆ అతుకులు సరిపోవు. ఇదంతా చెప్పి చివర్లో, “మనం పీల్చే ఉసురే మనల్ని కాలుస్తాండాదన్నా” అన్నాను.

వంటింట్లో ఉన్న మా వదినకు ‘ఉసురు’ ఒక్కటే వినబడింది. నా గృహప్రవేశానికి వాళ్లు రాలేదని, వాళ్ల కోసం వేసిన విస్తళ్లు అలాగే ఎత్తేశామని నేను నలుగురిలో అన్నది నిజం. ఇప్పుడూ అంటాను. ఆమె దాన్నీ దీన్నీ ముడిపెట్టింది. నా ఉసురు తగిలే తన మొగుడు మంచాన పడ్డాడని నేనన్నట్టు వీధంతా చెప్పింది. నేను తెచ్చిన మామిడిపండ్ల బుట్ట నా చేతికే తిరిగిచ్చింది.

“నీ ఉసురు నీకాడే పెట్టుకోప్పా. మా గడప తొక్కొద్దు.”

అవమానం సంగతి అలా ఉంచితే, గీత దాటొద్దన్న నా మాట పగతో అన్నదనుకుని మిషను పెంచేస్తుందేమోనని భయం పట్టుకుంది. కర్నూలు తిరిగొచ్చి ఫోన్ చేస్తే ఎత్తదు. పక్కింటాయనను అడిగితే, అన్న పగలంతా మత్తుగా పడి ఉంటున్నాడని, పిలిస్తే పలకడం లేదని చెప్పాడు. అలాంటి ఊపిరితిత్తులకు ఆక్సిజన్ ఎక్కువైతే చెడుగాలి రక్తంలో పేరుకుని మత్తు కమ్ముతుందని డాక్టరు నా ముందే హెచ్చరించాడు. రవ్వల సంగతి వేరు, ఈ మత్తు వేరు. వెంటనే బస్సెక్కాను. సీటుండీ కూర్చోలేక కమ్మీ పట్టుకుని నిలబడ్డాను.

వదిన తలుపుకు అడ్డంగా నిలబడింది. మిషను ఏ గీత మీద ఉందని అడిగాను.

“పెంచినా. మీ అన్న అడుగుతాంటే చూడలేక పెంచినా” అంది. “పొద్దున డాక్టరు కాడికి తీసకపోతే తిట్టినాడు. దించినా. నువ్వు చెప్పినావని కాదు.”

పక్కకు జరిగింది. అన్న కళ్లు తెరిచే ఉన్నాడు.

“ఇంత ఎండలో వచ్చినావా” అన్నాడు.

పలికాడు. సాయంత్రం దాకా ఆ మంచం పక్కనే కూర్చున్నాను. మంచినీళ్లు కావాలా అని ఆమె ఒక్కసారైనా అడగలేదు.