మామ రాసుకున్న ఆట

మామ పోయాడని అత్త ఫోన్ చేసినప్పుడు నేను పూతలపట్టులో బస్సు కోసం నిలబడి ఉన్నాను. "తెల్లారుజామున మళ్ళా పక్షవాతం వచ్చింది నాయనా. ఆస్పత్రికి తీసకపోయే లోపలే అయిపోయింది" అని ఫోన్ పెట్టేసింది.

మామ మా అమ్మకు తమ్ముడు. బెంగుళూరులో ఒక గోల్ఫు మైదానంలో గడ్డి కోసే పని చేశాడు. వారానికొక రోజు అక్కడి సభ్యులు రారు. ఆ రోజు పనివాళ్ళు ఆడుకోవచ్చు. ఆట అట్లా పట్టుకుంది. పని మానుకుని పాకాల దగ్గరి సొంతూరికి వచ్చేటప్పుడు ఒక పాత ఇనుప కర్ర, సంచిలో కొన్ని బంతులు తెచ్చుకున్నాడు.

చెనక్కాయ పీకేసిన చేన్లో పొద్దున్నే కొట్టేవాడు. దారిన పోయేవాళ్ళు ఊరుకుంటారా?

"ఏమప్పా, పాముల్ని కొడతా ఉండావా?"

"పామైతే ఒక దెబ్బకు సచ్చును. ఇది సావడంలే."

కొట్టడం అయ్యాక మోటారు దగ్గర కూర్చుని నోటుబుక్కులో రాసేవాడు. భుజం ఎంత తిరిగింది, మోకాలు వంగిందా, బంతి ఎటు పోయింది. కిందటి నెల పేజీ తీసి పోల్చి చూసుకునేవాడు. ఆయన బంతి ఎప్పుడూ కుడికే వంగేది. కుడివైపు వేరేవాళ్ళ మామిడితోట. కాపుకాలంలో ఒకసారి బంతి అందులో పడితే కాపలా మనిషి బయటికొచ్చి అరిచాడు.

"ఎవడ్రా అది, కాయలు కొట్టేది?"

"కాయకు కాదు నాయనా, బంతి దోవ తప్పింది."

"దోవ తప్పిన బంతి తగిలితే కాయ రాలదా?"

ఆ పూట రాసింది నాకు చూపించాడు. "కుడికే పోయింది. తోటలో పడింది. తిట్టినాడు."

"తిట్టింది కూడా ఎందుకు మామా?"

"జరిగింది గదా."

పోయిన ఏడు ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. తిరుపతిలో వైద్యం చేయించుకుని వచ్చాక ఒక పొద్దున కర్ర తెమ్మన్నాడు. అత్త అడ్డం నిలబడింది.

"మళ్ళా కింద పడితే లేపేదెవురు?"

"పడితే పడినానని రాసుకుంటా. తే కర్ర."

ఎడమ చెయ్యి భుజం దాకా లేస్తే కర్రను ఒక్కసారి నిండుగా తిప్పొచ్చు. ఆయన కోరింది అంతే. నేను వెనక నిలబడి నడుము పట్టుకునేవాణ్ణి. బంతి కాస్త దొర్లి ఆగిపోయేది. అత్త "బాగా పోయిందిలే" అనేది. మామకు కోపం వచ్చేది.

"బాగుందా లేదా నేనడగలే. బంతి యాడ పడిందో చెప్పు."

"చెయ్యి తొడ కాడికి లేచింది" అని రాసేవాడు. కొన్నాళ్ళకు "నడుము కాడికి" అని రాశాడు. తర్వాత ఎండాకాలమంతా అదే మాట. ఒక్కరోజైనా ఎక్కువ చేసి రాయలేదు. నా బోర్లో నీళ్ళు తగ్గినప్పుడు తగ్గాయని ఒప్పుకుని చెరకు మానుకోగలిగానంటే, అది ఆయన దగ్గర నేర్చుకున్నదే. చెయ్యి మాత్రం భుజం దాకా లేవలేదు.

కర్మ అయిన వారానికి వాన పడింది. విత్తనానికి చేను దున్నేందుకు ట్రాక్టరు వచ్చింది. గట్టు నుంచి ఆయన నిలబడే చోటు దాకా ఎడమ కాలు ఈడ్చి ఈడ్చి గాడి పడి ఉంది. అత్త ట్రాక్టరుకు ఎదురుపోయింది.

"ఆ దోవ వదిలేసి దున్నప్పా."

"ఎంత వదలాలక్కా?"

"మనిషి నడిచేంత."

మధ్యాహ్నానికి చేనంతా ఎర్రగా తిరగబడింది. మధ్యలో సన్నగా ఆ దారి మిగిలింది. గాడిలో నిలిచిన వాననీళ్ళు పొద్దుగూకినా ఇంకిపోలేదు.