మామిడి సొనకి దాదీ కాచిన నూనె

మా చిన్నప్పుడు... ఎండాకాలం వస్తే తిరువూరులో అన్ని ఇళ్ళల్లోనూ మామిడికాయ వాసన. మా ఇంట్లో మాత్రం వేపాకు పసరు కాగే వాసన.

అబ్బా, అంటే మా నాన్న, రెడ్డిగూడెం తోటల్లో కాయ కోసేవాడు. తొడిమ విరగ్గానే చిమ్మే సొన చేతుల మీద పడి కాలేది... ముందు పొక్కులు, తర్వాత పగుళ్ళు, రసి. కోతలు సగానికి వచ్చేసరికి పిడికిలి మూసుకునేది కాదు.

మా నాన్నమ్మని దాదీ అనేవాళ్ళం. ఆవిడ వేపాకు, పచ్చి పసుపు రోట్లో నూరి, ఆ పసరు కొబ్బరినూనెలో పోసి సన్నని సెగ మీద కాచేది. వత్తి ముంచి వెలిగించి చూసేది... చిటపటలాడకుండా మండితే తడి ఇంకిపోయినట్టే. పాత గుడ్డలో వడకట్టి, వేడి మీదే తేనెమైనం కలిపేది. చల్లారితే వెన్నలా పేరుకునేది. సాయంత్రం దాన్ని అబ్బా చేతులకి రాసే పని నాది.

తెల్లారితే మళ్ళీ తోట... మళ్ళీ సొన.

"ఇందులో ఏం తక్కువైందో" అంటూ దాదీ ఏటా ఏదో ఒకటి మార్చేది. ఒక ఏడు కర్పూరం, ఇంకో ఏడు కానుగ నూనె. విస్సన్నపేటలో డాక్టరుగారికి చూపిస్తే, "రెండేళ్ళు మామిడి ముట్టుకోకు" అన్నారు.

"నాకు ఇంకో పని రాదండి" అన్నాడు అబ్బా.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఒకరోజు నన్ను తీసుకెళ్ళడానికి బడికి వచ్చాడు. చెయ్యి చాచాడు. పక్కనున్న పిల్ల "అంటుకుంటుందేమోనే!" అంది. నేను చెయ్యి వెనక్కి లాక్కున్నాను... రోజూ ఆ చేతులకి నూనె రాసేదాన్ని, అంటుకోదని తెలిసినదాన్ని.

ఆ సాయంత్రం నేను నూనె గిన్నె తెస్తే, అబ్బా "వద్దులే బేటా, నేనే రాసుకుంటా" అన్నాడు. మళ్ళీ ఎప్పుడూ నా చేత రాయించుకోలేదు.

తర్వాత దాదీ పోయింది. తోట కొట్టేసి ప్లాట్లు వేశారు. అబ్బాకి పని పోయింది. ఏ మందూ రాయకుండానే ఏడాది తిరిగేసరికి చేతులు నున్నబడ్డాయి. "ఇప్పుడు బాగై ఏం చెయ్యాలి?" అనేవాడు.

పెళ్ళయ్యాక ఒకసారి ధైర్యం చేసి ఆ బడి సంగతి ఎత్తాను. "ఏ బడి?" అన్నాడు... నిజంగా మర్చిపోయాడో, నాకోసం అలా అన్నాడో తెలియలేదు. ఇంకోసారి అడిగేలోపే వెళ్ళిపోయాడు.

ఇప్పుడు దేనికైనా ట్యూబే... మూత తిప్పి ఎవరికి వాళ్ళే రాసుకుంటున్నాం. మీ ఇళ్ళల్లో ఏ నూనె కాచేవాళ్ళు? మీరు ఎవరికి రాసేవాళ్ళు? వాళ్ళింకా ఉంటే, ఆ సంగతీ రాయండి... చదువుకుంటాను.