ఏ ఇంజనుకు ఏ భాష

పర్చూరు మెకానిక్ ఇమాం హుస్సేన్‌కు ఒకటే పట్టింపు. ఏ మరతో ఏ భాషలో మాట్లాడాలో తేలేదాకా స్పానరు ముట్టడు. కోయంబత్తూరు పంపుకు అరవం, బొంబాయి నుంచి వచ్చిన పత్తి మరకు హిందీ, ఇంగ్లండు నుంచి దిగిన సీమ ఇంజనుకు ఇంగ్లీషు. ఒకసారి ఎవరో జర్మనీ ఇంజను చూపిస్తే, ఆ భాష రాక, గట్టిగా గొంతు సవరించుకుని పని మొదలుపెట్టాడు. అదీ తిరిగింది.

1961లో యలమందయ్య మిరప తోటలో బావి ఇంజను ఆగిపోయింది. మూడో రోజుకి మొక్కలు తలలు వాల్చాయి. వాటికంటే ఎక్కువగా తల వాల్చినవాడు పాలేరు బుల్లయ్య. అసలు సంగతి అతనొక్కడికే తెలుసు మరి. తొందరలో డీజిల్ డబ్బా అనుకుని పక్కనున్న నీళ్ల డబ్బా ఎత్తి ట్యాంకులో పోసేశాడు. "ఇంకొక్క తప్పు చేశావా, తట్టాబుట్టా సర్దుకోవడమే" అని ఆసామి వారం కిందటే హెచ్చరించి ఉన్నాడు.

హుస్సేన్ వచ్చాడు. ఇంజను మీది రేకు తుడిచి అక్షరాలు చూశాడు. ఆ తర్వాత తీరిగ్గా గట్టు మీద కూర్చున్నాడు.

"కూర్చున్నావేంటయ్యా?" అన్నాడు యలమందయ్య.

"ఇంజను సీమది, పంపు అరవ దేశానిది. ఎవరితో ముందు మాట్లాడాలా అనండీ."

"ఎవరో ఒకరితో ఏడువు! అవతల నా తోట ఎండిపోతోంది!"

"తొందరపడి హిందీలో పలకరిస్తే ఇంకొల్లులో ఒక ఇంజను నెల్లాళ్లు అలిగిందండీ."

యలమందయ్య గట్టు ఆ చివరికీ ఈ చివరికీ తిరుగుతున్నాడు. ఏ భాషలో అడిగినా ఆ ఇంజను తన పేరే చెబుతుందని బుల్లయ్య భయం.

హుస్సేన్ లేచి, గొట్టం వదులుచేసి, ఒక బొట్టు వేలికి రాసుకుని వాసన చూశాడు. బుల్లయ్య వంక చూశాడు. చప్పున చూపు తిప్పేసుకున్నాడు.

"ఇంగ్లీషే! మీరు అల్లంత దూరం వెళ్లండి యలమందయ్య గారూ. ఇంగ్లీషు నడిచేచోట తెలుగు వినపడకూడదు. బుల్లయ్య ఉంటే ఫరవాలేదు, వాడు నోరు విప్పేట్టు లేడు."

"కమాన్ మై డియర్ సార్! అర్జెంట్ సార్!" అని పొలిమేర దాకా వినపడేట్టు అరుస్తూ, చేతులతో మాత్రం చప్పుడు కాకుండా ట్యాంకు ఖాళీ చేశాడు. కారిన నీళ్ల మీద కాలితో మట్టి కప్పేశాడు. గొట్టం ఊది, కొత్త డీజిల్ పోసి హ్యాండిల్ తిప్పితే ఇంజను అందుకుంది.

యలమందయ్య పరుగున వచ్చాడు. "తప్పెవరిదో చెప్పు. ఇవాళే వెళ్లగొడతాను!"

"మీదేనండీ."

"నాదా!"

"దీన్ని రోజూ తిడతారా?"

"తిట్టకపోతే కదుల్తుందా?"

"తెలుగులోనేగా?"

యలమందయ్య ఇంజను వైపు తిరిగి చూశాడు.

"సీమ ఇంజనండీ. ఎన్నాళ్లని పడుతుంది?"

హుస్సేన్ తిరిగి వెళుతుంటే బుల్లయ్య డొంక దారిలో పట్టుకున్నాడు. "సాయిబు గారూ, అవి నీళ్లని మీకు తెలుసుగా!"

"వాసన చూస్తే తెలీదంట్రా? డీజిల్ డబ్బాకు ఎర్రగుడ్డ కట్టుకో."

"మరి ఇంజనుకు ఇంగ్లీషు..."

"ఇంజనుకు చెవులెక్కడివిరా? ఆ ఇంగ్లీషంతా మీ ఆసామికి. తెలుగులో చెబితే ఎదురు మాట్లాడతాడు."

ఆ చుట్టుపక్కల ఇంజను చెడి పని పోగొట్టుకున్న పాలేరు ఒక్కడూ ఎందుకు లేడో బుల్లయ్యకు అప్పుడు అర్థమైంది. కళ్లనిండా కృతజ్ఞతతో దణ్ణం పెట్టేలోపు ఆయన సైకిలెక్కేశాడు.

మర్నాడు ఇంజను రెండుసార్లు దగ్గి ఆగింది. యలమందయ్య తిట్టబోయి నాలుక కరుచుకున్నాడు. "ఒరేయ్ బుల్లయ్యా, నిన్న దగ్గరుండి విన్నావుగా. నువ్వే ఏదో చెప్పరా దానికి" అని బతిమాలాడు.

బుల్లయ్య తలపాగా సర్దుకున్నాడు. "మీరు అల్లంత దూరం వెళ్లండి బాబూ" అన్నాడు.