పులికాట్‌లో నేను నడవని నేల

ఏళ్ల తరబడి ఒక మాటను గొంతులోనే పెట్టుకుని బతుకుతున్నాను. ఇంట్లో చెప్పలేదు. స్నేహితులకు చెప్పలేదు. నా పేరు తెలియని మీకైతే చెప్పగలనేమోనని మొదలుపెట్టాను.

తిరుపతిలో ఒక విశ్వవిద్యాలయంలో భూగోళశాస్త్రం చెబుతాను. కొత్తగా చేరిన అధ్యాపకులకు పాఠం ఎలా చెప్పాలో, పిల్లలను బయటికి తీసుకెళ్లి నేలనూ నీటినీ ఎలా చూపించాలో నేర్పే పని కూడా నాదే. అలా నా దగ్గరికి వచ్చింది నస్రీన్. చిత్తూరులో వాళ్ల నాయనకు కుట్టుమిషన్లు బాగుచేసే చిన్న దుకాణం ఉంది. ఆ ఇంట్లో ఉద్యోగంలో చేరిన మొదటి మనిషి ఆమె. ఒప్పంద ఉద్యోగమే, కానీ ఆమె పర్యావరణ పాఠం చెబుతుంటే వెనక బెంచీల వాళ్లు కూడా తలెత్తి వినేవాళ్లు. నాకు అసూయగా ఉండేదా? ఉండేదనే అనుకుంటాను. నా తరగతిలో అలా తలెత్తిన ముఖాలు చూసి చాలా కాలమైంది.

ఒక వేసవిలో పిల్లలను తడ వైపు పులికాట్ సరస్సుకు తీసుకెళ్లాలనుకుంది. నన్నడిగింది.

"నీళ్లు తగ్గినచోట పిల్లోళ్లు దిగి నడవొచ్చా సార్? నేనెప్పుడూ దిగలేదు."

"ఎండకు ఆడ నేల రాయి మాదిరి ఉంటాదమ్మా. నేను శానాసార్లు నడిచినాను. తీసుకుపో."

నేను ఒక్కసారి కూడా నడవలేదు. గట్టు మీద కారు దిగి, పక్షులను చూసి తిరిగొచ్చినవాణ్ణి. ఆ సరస్సు గురించి ఇన్నేళ్లు పాఠం చెప్పి, నిన్నగాక మొన్న చేరిన అమ్మాయి ముందు తెలియదని ఎలా అనను? అనుంటే నాకేం పోయేది?

పైన ఎండి నెర్రెలిచ్చిన నేల, లోపల మెత్తటి బురద. రేవతి అనే విద్యార్థిని తొడ దాకా దిగబడింది. అందరూ కంగారుగా లాగారు. మోకాలు తిరిగిపోయింది. ఆస్పత్రిలో చూపించాక, ఎముకలు సరిచేసే పుత్తూరు నాటువైద్యుల దగ్గర కట్టు కూడా కట్టించారు. కాలు మునుపటిలా మడవడం రాలేదు.

శాఖాధిపతి మా ఇద్దరినీ పిలిపించారు. నస్రీన్ నిలబడి ఉంది. నేను ఆయన పక్కన కూర్చుని ఉన్నాను.

"బురదలోకి దింపమని నీకెవురు చెప్పినారమ్మా?"

ఆమె నా వైపు చూసింది. నా పేరు చెప్పడానికి కాదు, నేనే చెబుతానని. ఎంతసేపు చూసిందో ఇప్పటికీ తేల్చుకోలేను. నేను కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాను.

"నా అంతట నేనే సార్," అంది.

విశ్వవిద్యాలయం ఆమె ఒప్పందాన్ని పొడిగించలేదు.

అక్కడితోనైనా ఆగానా? కొత్తవాళ్లకు శిక్షణ ఇచ్చే ప్రతిసారీ, ముందు తాను దిగి చూడకుండా పిల్లలను దింపిన ఒక మేడం గురించి చెబుతాను. పేరు చెప్పను. అదేదో పెద్ద మర్యాద అనుకున్నాను.

పోయిన ఏడాది నిజం చెప్పేద్దామని చిత్తూరు వెళ్లాను. ఆమె ఇప్పుడు నాయనతోపాటు ఆ దుకాణంలోనే ఉంటోంది. పెద్దాయన కుర్చీ తుడిచి వేశారు.

"మా బిడ్డకు పని నేర్పించిన సారు మీరేనా? దాని రాత అట్లుండాది. మీరేం చేస్తారు సార్."

నస్రీన్ టీ తెచ్చి ఇచ్చి ఒక్కటే అడిగింది.

"రేవతి బాగా నడస్తా ఉండాదా సార్?"

"నడస్తా ఉండాదమ్మా," అన్నాను.

నాకు తెలియదు. ఆ పిల్ల చదువు ముగించి వెళ్లాక ఎలా ఉందో నేనెన్నడూ వాకబు చేయలేదు. మళ్లీ అదే నోటితో, అదే మనిషికి, తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పాను. టీ తాగి వచ్చేశాను.

ఇప్పుడు చెబితే ఆ ఉద్యోగం తిరిగి రాదు, ఆ కాలు బాగుపడదు. చెప్పకపోవడానికి కారణం అదేనా, లేక రిటైర్మెంటు దగ్గరపడిందనా? క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. పిల్లలను దింపమని చెప్పింది నేను. ఈ ఒక్క వాక్యం రాశాక ఊపిరి కొంచెం ఆడుతోంది. అంతకుమించి ఏం చేయగలనో నాకు తెలియడం లేదు.