హమీదున్నీసా గొంతు

మస్కట్‌లోని ఖురంలో తన్మయి పనిచేసే కంపెనీ చిన్న దుకాణాలకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అమ్ముతుంది. కొన్నవాళ్లకు దాన్ని అలవాటు చేయించి, మూలన పడేయకుండా చూడటం తన్మయి, హమీదున్నీసాల పని. కాకినాడ పిల్ల తన్మయి కంప్యూటర్ సంగతి చూసుకునేది. కడప నుంచి వచ్చిన హమీదున్నీసా ఫోన్లు చేసేది. ముందు ఇంట్లోవాళ్ల క్షేమం అడిగి, ఆ తర్వాతే బిల్లుల మాట ఎత్తేది. రుస్తాఖ్ కిరాణావాళ్లు, సమాయిల్ ఖర్జూరాల వ్యాపారులు ఆమెతో మాట్లాడితే ఓ పట్టాన ఫోన్ పెట్టేవారు కాదు.

కస్టమర్లు పెరిగారు. మేనేజర్ విశ్వతేజ తన్మయిని పిలిచి, "ఒక్కొక్కరికీ ఫోన్ చేసుకుంటూ కూర్చుంటే అవదండీ. అంతా దానంతటదే జరిగిపోవాలి," అన్నాడు.

తన్మయి వర్క్‌ఫ్లో కట్టింది. దుకాణం చేరగానే స్వాగతం చెబుతూ మెసేజ్ వెళ్తుంది. తర్వాత సరుకు ఎక్కించే పద్ధతి చూపే వీడియో. బిల్లులు ఆగిపోతే ఫోన్ మోగి, రికార్డు చేసిన గొంతు పలకరిస్తుంది. అవతలివాళ్లు చెప్పింది అక్షరాలై తన్మయి స్క్రీన్ మీదికి వస్తుంది. గొంతు ఎవరిదని ఆలోచించే పనే లేకపోయింది.

రికార్డింగ్ కోసం మీటింగ్ రూమ్‌లో ఏసీ ఆపి తన్మయి, హమీదున్నీసా కూర్చున్నారు. కాగితం చూసి చదివితే హమీదున్నీసాకు కుదరలేదు. "ఉండమ్మా, ఎదురుగా మనిషుండాడనుకుంటా," అని కళ్లు మూసుకుని, ఉర్దూలో "సలాం భాయ్, ఇంట్లో అందరూ బాగున్నారా?" అంది. తన్మయి నవ్వుతూనే రికార్డు చేసుకుంది.

చలికాలం రాకముందే హమీదున్నీసా ఉద్యోగం పోయింది. వీసా కంపెనీదే కాబట్టి ఊరికి వెళ్లక తప్పలేదు. ఎందువల్ల పోయిందో ఇద్దరికీ తెలుసు. ఆ మాట ఎవరూ ఎత్తలేదు. ఎయిర్‌పోర్టులో సాగనంపి వస్తూ ఏడుపొస్తుందేమోనని తన్మయి చూసింది. రాలేదు. పార్కింగ్ టికెట్ ఎక్కడ పెట్టానా అని వెతుక్కుంది.

గొంతు మాత్రం ఫోన్లు చేస్తూనే ఉంది. రుస్తాఖ్‌లో కిరాణా నడిపే నిసార్ అహ్మద్ అది నిజంగా హమీదున్నీసానే అనుకుని, ఉర్దూలో అక్కా అని పిలిచినట్టు ఒకసారి జవాబిచ్చాడు: "ఆపా, మీ అమ్మాయి పరీక్ష ఏమైంది?" సిస్టమ్ దాన్ని మంచి స్పందన కింద పచ్చరంగులో చూపించింది. తన్మయి చదివి, కింది వరుసకు వెళ్లిపోయింది.

కొన్ని వారాలకు అతని దగ్గర్నుంచి మరో జవాబు వచ్చింది. "మా ఆమె రషీదున్నీసా చనిపోయింది ఆపా. దుకాణం తియ్యట్లేదు. మీరు ఇంట్లోవాళ్ల గురించి అడిగారు గదా, అందుకని చెప్తున్న."

దానికింద వర్క్‌ఫ్లో పంపిన మెసేజ్ కూడా కనిపిస్తోంది. మాట్లాడినందుకు ధన్యవాదాలు, ఈ వీడియో చూడండి అని.

తన్మయి చాలాసేపు స్క్రీన్ వైపే చూసింది. లోపల ఏమీ కదల్లేదు. టీ తెచ్చుకుంది, తాగింది. కప్పు కడిగి వచ్చి కడపకు ఫోన్ చేసింది.

అంతా విని హమీదున్నీసా, "నేను ఈడుంటే నా గొంతు ఆడ డ్యూటీ చేస్తాందా?" అంది.

"చేస్తోంది ఆపా."

"పెండ్లాం పోయిందని ఆయప్ప చెప్తే, ఇని గమ్మునుండిందా?"

"వీడియో పంపింది."

"తీసెయ్‌మ్మా దాన్ని. ఆయప్ప నంబరు నాకు పంపు."

తన్మయి ఎవరినీ అడక్కుండా ఆ గొంతు తీసేసి మెషీన్ గొంతు పెట్టింది. అవతలివాళ్లు నోరు విప్పితే వర్క్‌ఫ్లో అక్కడే ఆగిపోయి, తనే ఫోన్ చేయాల్సి వచ్చేలా మార్చింది. కానీ మెషీన్‌తో ఎవరూ పెద్దగా మాట్లాడలేదు.

"స్పందనలు పడిపోయాయి. ఎవరడిగి మార్చారు?" అన్నాడు విశ్వతేజ.

"హమీదున్నీసా తీసేయమన్నారండి."

"ఆ రికార్డింగ్ కంపెనీది కదండీ."

"అవునండి," అంది. అతను పాత గొంతు మళ్లీ పెట్టించలేదు గాని, ఆమెకు రావలసిన టీమ్ లీడ్ పదవి ఇంకొకరికి వెళ్లింది. ఆ కబురు ఎవరి గురించో విన్నట్టు విని ఊరుకుంది.

ఓ సెలవు రోజున కారు తీసుకుని రుస్తాఖ్ వెళ్లింది. నిసార్ అహ్మద్ దుకాణం తెరిచే ఉంది. కౌంటర్ మీద కంప్యూటర్‌కు గుడ్డ కప్పి ఉంది.

"హమీదున్నీసా ఆపా ఫోన్ చేసింది మేడం. మస్తు సేపు మాట్లాడింది," అన్నాడు అతను. "బిల్లులన్నీ మా ఆమెనే కొట్టేది. నాకు రాదు."

తన్మయి స్టూలు లాక్కుని కూర్చుంది. కంప్యూటర్ తెరిస్తే రషీదున్నీసా పేరు వచ్చింది.

"పేరు మార్చమంటారా?"

"వద్దు మేడం. ఉండనియ్యండి."

ఆ పేరుతోనే లోపలికి వెళ్లి నేర్పింది. అతను ఒక్కో అక్షరం వెతుక్కుంటూ పాలపొడి డబ్బాకు బిల్లు కొట్టాడు. అది తప్పు పోతే మళ్లీ కొట్టాడు. అతను ఎవరి సాయం లేకుండా ఇద్దరు ముగ్గురికి బిల్లులు ఇచ్చేదాకా ఉండి, తన్మయి మస్కట్‌కు బయల్దేరింది. దారిలో కారు పక్కకు ఆపి కాసేపు కూర్చుంది. ఏడవలేదు. కడపకు ఫోన్ చేసి, "ఆపా, మీ అమ్మాయి పరీక్ష ఏమైంది?" అని అడిగింది.